ఎడ్లు విప్పిన చోటే దండు ఆగింది: చందుర్తి ఆటలో సైన్యాల వేగాన్ని సరిచేసిన కథ

1758 అక్టోబర్ 20న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి విశాఖపట్నంలో దిగాడు. 1759 మార్చి 6న మచిలీపట్నం కోట ముందు నిలబడ్డాడు. మధ్యలో 137 రోజులు. కశింకోట, తుని, చందుర్తి, రాజమండ్రి, ఏలూరు మీదుగా ఆ దారి సుమారు 355 కిలోమీటర్లు. భాగిస్తే రోజుకు 2.6 కిలోమీటర్లు వస్తుంది. సిపాయి మామూలుగా నడిస్తే గంటకు 4 కిలోమీటర్లు పోతాడు. అంటే ఆ దండు రోజుకు సగటున 40 నిమిషాలు మాత్రమే నడిచింది.

అదే దండులో కెప్టెన్ నాక్స్ ఉన్నాడు. డిసెంబర్ 7న చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోగానే సిపాయిలను వెంటబెట్టుకుని తరుముకుంటూ పోయాడు. చందుర్తి నుంచి రాజమండ్రి 60 కిలోమీటర్ల పైమాటే. డిసెంబర్ 10 నాటికి రాజమండ్రి ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది. ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ అయితే గుర్రాలు మార్చుకుంటూ ఆ రాత్రికి రాత్రే రాజమండ్రి చేరాడు.

ఒకే యుద్ధయాత్ర, ఒకే నేల, అవే కాళ్లు. ఒకచోట రోజుకు 20 కిలోమీటర్లు దాటింది, మొత్తం మీద చూస్తే మూడు కూడా లేదు. ఈ యాత్ర మీద ఇద్దరు ఆడే బోర్డు ఆట తయారుచేయాలని కూర్చున్నప్పుడు నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఇదే: ఇంగ్లీషు సిపాయిల బిళ్ల మీద వేగానికి ఏ అంకె వేయాలి? ఆ అంకె కోసం నాలుగు నమూనాలు చేశాను, మూడు పారేశాను. యుద్ధాల ఆటలు తయారుచేసేవాళ్లకూ, కంప్యూటర్ మీద వ్యూహాల ఆటలు రాసేవాళ్లకూ పనికొస్తుందని ఆ నాలుగింటి సంగతీ ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

ముందు కథ కాస్త

1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు చావు మనందరికీ బుర్రకథల్లోంచి తెలిసినవే. ఆయన తర్వాత విజయనగరం గద్దె ఎక్కినవాడు ఆనందరాజు. ఫ్రెంచివాళ్ల మీద తిరగబడి విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. అప్పటికి ఇక్కడి ఫ్రెంచి సేనాని బుస్సీని వాళ్ల పెద్ద సేనాధిపతి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు, అతని స్థానంలో కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు. కలకత్తా నుంచి క్లైవ్ పంపిన ఫోర్డ్ దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర కూడా సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 దాకా సిపాయిలు, ఫోర్డ్ కంటే చాలా ఎక్కువ ఫిరంగులు. పశ్చిమాన హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్. అతను ఫ్రెంచివాళ్ల పక్షాన కదిలి వచ్చేలోపు మచిలీపట్నం పడాలి. ఆటకు ఇంతకంటే మంచి గడియారం ఏముంటుంది?

మొదటి నమూనా: నడక లెక్క

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. ఫిరంగులూ సామాను బళ్లూ ఉన్న దండు రోజుకు 16 కిలోమీటర్లు నడవగలదని పెట్టుకున్నాను. 8 కిలోమీటర్లకు ఒక హెక్స్ (పటం మీద ఆరు మూలల గడి), మూడు రోజులకు ఒక టర్న్ (ఆటగాడి వంతు). కాబట్టి టర్నుకు 6 హెక్సులు. లెక్క ప్రకారం తప్పు లేదు, పటం మీద చూడ్డానికి కూడా బాగుంది.

ఆడితే ఏమైందంటే, విశాఖ నుంచి చందుర్తి దాకా ఉన్న సుమారు 140 కిలోమీటర్లూ మూడు టర్నుల్లో అయిపోయాయి. అక్టోబర్ వెళ్లకముందే చందుర్తి, నవంబర్ రెండో వారానికి మచిలీపట్నం. హైదరాబాదులో సలాబత్ జంగ్ ఇంకా డేరాలు కూడా ఎత్తలేదు. ఫ్రెంచి పక్షం ఆడింది మా బావ. రెండు ఆటలయ్యాక, "ఒరేయ్, నువ్వు కదులుతావు, నేను చూస్తాను. మళ్లీ నా టర్ను వచ్చేసరికి నువ్వు నా వెనక ఉంటావు. ఇందులో నేను చేసేదేముంది?" అన్నాడు.

నేను వేగం ఎక్కువైందనుకున్నాను. బావ చెప్పింది అది కాదని చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. నేను కదులుతున్నంతసేపూ తన సైన్యం నిద్రపోతోంది, అదీ అతని బాధ.

ఈ జబ్బు పాతదే. 1970లో వచ్చిన పాంజర్‌బ్లిట్జ్ అనే ట్యాంకుల ఆటలో హెక్సు 250 మీటర్లు, టర్ను ఆరు నిమిషాలు. ఆ లెక్కలో ట్యాంకుల వేగం కాగితం మీద సబబుగానే ఉంటుంది. కానీ ఆటగాళ్లు ఒక చెట్ల గుంపులోంచి ఇంకో చెట్ల గుంపులోకి శత్రువు ఫిరంగుల ముందు నుంచే దూకించేవారు. కదులుతున్నప్పుడు శత్రువు కాల్చడానికి వీలుండేది కాదు, ఆగేసరికి ట్యాంకు చెట్ల చాటున ఉండేది. 1974లో అదే కోవలో వచ్చిన పాంజర్ లీడర్‌లో ట్యాంకుల వేగం తగ్గించడం కాకుండా, కదిలేవాడి మీద మధ్యలో కాల్చే హక్కు ఎదుటివాడికి ఇచ్చారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినా నా ఆటలో అదే తప్పు కళ్లముందు కనబడలేదు. ట్యాంకుల జబ్బు ఎడ్లబండ్ల కాలానికి రాదనుకోవడమే కారణం.

రెండో నమూనా: సగటు లెక్క

తర్వాత చరిత్ర చెప్పిన సగటునే బిళ్ల మీద వేశాను. మూడు రోజుల టర్నుకు ఒక హెక్సు, అంటే రోజుకు 2.67 కిలోమీటర్లు. ఫోర్డ్ నిజంగా నడిచిన సగటుకు అతికినట్టు సరిపోయింది. తేదీలు చక్కగా వచ్చాయి. ఆ సాయంత్రం నాకు ఎంత తృప్తి కలిగిందో ఇప్పటికీ గుర్తుంది.

ఆట ఆడినవాళ్లకు మాత్రం నరకం. మచిలీపట్నం ముట్టడి దాకా పోవాలంటే సుమారు నలభై అయిదు టర్నులు, టర్నుకు ఒక గడి. మా మేనకోడలికి పద్నాలుగేళ్లు, ఓపికున్న పిల్ల. పన్నెండో టర్నులో, "మామయ్యా, ఇప్పుడు నేను జరపకపోతే ఏమవుతుంది?" అని అడిగింది. ఏమీ కాదన్నాను. "జరిపితే?" అంది. అప్పుడూ ఏమీ కాదు. ఆ పిల్ల బిళ్ల కింద పెట్టేసింది.

నాక్స్ తరుముడు కూడా ఈ నమూనాలో అసాధ్యం. 60 కిలోమీటర్లు పోవడానికి ఎనిమిది టర్నులు, అంటే 24 రోజులు. చరిత్రలో మూడు రోజుల్లో జరిగింది నా 'చారిత్రక' ఆటలో మూడు వారాలకు పైగా పట్టింది. సగటు అంకె మొత్తం యాత్రకు నిజం. అందులో ఏ ఒక్క రోజుకూ నిజం కాదు. ఏ రోజూ ఆ దండు 2.6 కిలోమీటర్లు నడవలేదు. కొన్ని రోజులు ఇరవై నడిచింది, చాలా రోజులు అసలు కదల్లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది, మిగతా కథంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

మూడో నమూనా: పాచిక

కొన్ని రోజులు కదలడం, కొన్ని రోజులు ఆగడం, ఇంతేగా, పాచిక వేద్దామనుకున్నాను. ప్రతి టర్ను ప్రతి దండుకూ ఒక పాచిక. 1 నుంచి 4 పడితే ఆగిపోవాలి, 5 పడితే మూడు హెక్సులు, 6 పడితే పూర్తి పరుగు. సగటు మళ్లీ చరిత్రకు దగ్గరగానే వచ్చింది, నాక్స్ కూడా అప్పుడప్పుడూ పరుగెత్తాడు.

చరిత్ర లెక్చరరుగా రిటైరైన మాస్టారు ఒకాయన మా ఊళ్లో ఉన్నారు. ఆటలంటే ఆసక్తి లేదు గానీ ఈ యాత్ర మీద ఉన్న ఇష్టంతో వచ్చి కూర్చున్నారు. ఇంగ్లీషు పక్షం ఆయనదే. వరుసగా ఐదు టర్నులు ఆయనకు 4 లోపే పడింది. కోప్పడలేదు. పాచిక బల్ల మీద పెట్టి, "బాబూ, ఫోర్డ్ ఎందుకు ఆగాడో మీకు తెలుసు కదా?" అన్నారు.

తెలుసండీ అన్నాను.

"మరి ఆ కారణం ఈ పాచికలో ఎక్కడుందో చూపించండి."

చూపించలేకపోయాను.

పాచిక ఒక్కటే దోషి అనలేను. ఫిల్ బార్కర్ 1990లో తెచ్చిన డీబీఏ అనే ప్రాచీన యుద్ధాల ఆటలో కూడా కదలిక పాచిక మీదే ఆధారపడుతుంది. కానీ అక్కడ పాచిక ఎన్ని గుంపులు కదలవచ్చో చెబుతుంది, ఏ గుంపులు కదలాలో ఆటగాడు ఎంచుకుంటాడు. రెండు పడితే రెండే కదులుతాయి, మిగతావి ఎందుకు ఆగాయో ఆటగాడికి తెలుసు, ఆపింది తానే. నా పాచిక మాత్రం ఆటగాడి చేతుల్లోంచి దండును లాక్కుని పక్కన కూర్చోబెట్టింది. తన తప్పు లేకుండా, తన నిర్ణయం లేకుండా. పైకి రెండూ పాచికలే, ఆడేవాడి మనసులో మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు.

అసలు ఈ పేచీ రెండు వందల ఏళ్ల నాటిది. 1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్‌విట్జ్ చేసిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ శిక్షణ ఆటలో పటం 1:8000, ఒక్కో ఎత్తు రెండు నిమిషాలు. పదాతి దళం, గుర్రాలు, ఫిరంగులు రెండు నిమిషాల్లో ఎంత దూరం పోగలవో కొలిచి పెట్టారు. ఆ పట్టికలూ నియమాల బరువూ మోయలేక అర్ధ శతాబ్దం తర్వాత, 1876లో, ప్రష్యా సేనాని వెర్డీ దు వెర్నోవా పట్టికలు పక్కనపెట్టి అనుభవమున్న అంపైర్ మాటే చాలన్నాడు. అంపైర్ ఉన్నచోట "మీ దండు ఈరోజు కదలదు, ఎందుకంటే..." అని వినిపిస్తుంది. ఆ 'ఎందుకంటే'ని ఇద్దరే ఆడే ఆటలో ఎవరు చెప్పాలి? నా వెతుకులాట అక్కడికొచ్చి ఆగింది.

గొల్లప్రోలులో ఒక మధ్యాహ్నం

యుద్ధం జరిగిన నేల చూద్దామని చందుర్తి వెళ్లాను. ఆ పొలాల్లో నిలబడితే ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. అటూ ఇటూ చదునే, దాక్కోవడానికి చోటు లేదు. ఆ రోజు ఇంగ్లీషు యూరోపియన్ దళం ఎత్తుగా పెరిగిన చేను చాటున పడింది. ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలనే యూరోపియన్లనుకుని ఫ్రెంచి దళం వాళ్ల మీదికి పోయింది, పక్కనున్న చేనులోంచి అసలు దళం బయటికొచ్చి కాల్చింది. ఒక పైరు ఎత్తు మీద యుద్ధం తిరిగింది. (ఆటలో యుద్ధం రోజుకు విడిగా చిన్న పలక ఉంది. అందులో చేను గడిలోకి వెళ్లిన బిళ్ల బోర్లా తిప్పి ఉంటుంది, అంతే. అది మొదటిసారే కుదిరింది కాబట్టి దాని గురించి ఇంకేమీ చెప్పను.)

తిరుగు దారిలో గొల్లప్రోలులో మా దూరపు బంధువు, వరసకు పెదనాన్న, ఇంటికి వెళ్లాను. ఎనభై దాటాయి. చిన్నప్పటి నుంచి యాభై ఏళ్లు వచ్చేదాకా బండి తోలినవాడు. నేను నోట్‌బుక్ తెరిచి, "పెదనాన్నా, బరువున్న బండి రోజుకు ఎంత దూరం పోతుంది?" అని అడిగాను.

"ఎంత దూరమైనా పోద్ది."

"అదెలా?"

"నువ్వు తోలితే పోద్ది. చీకట్నే కాడి కడితే పొద్దెక్కేసరికి మూడు కోసులు పోతావు. ఎండెక్కాక విప్పాలి. మేత, నీళ్లు, ఆనక నెమరు. నెమరెయ్యకుండా మళ్లీ కట్టావనుకో, ఆ పూటా పోద్ది. మర్నాడూ పోద్ది. మూడోనాడు మెడ ఒరిసి పుండు పడతది, ఎద్దు పడుకుంటది. ఇంక లేపలేవు." కాసేపాగి, "ఎద్దు ఎంత దూరం నడుస్తదని అడక్కురా, ఎప్పుడు విప్పాలని అడుగు. బండోడికి తెలియాల్సింది అదొక్కటే" అన్నాడు.

తర్వాత ఇరుసుకు కందెన అయిపోతే ఏం చేయాలో, వానలో చక్రం ఆకుల దాకా దిగిపోతే ముందు బరువు దించాలా ఎడ్లు మార్చాలా, వాగు దాటేటప్పుడు ఎడ్లు నీళ్లు తాగకముందు దింపాలా తాగాక దింపాలా అని చెబుతూనే ఉన్నాడు. నేను రాసుకోవడం ఆపేశాను. నాకు కావలసింది దొరికింది.

ఎద్దుకు వేగం అనే అంకె లేదు. కట్టాలా విప్పాలా అనే నిర్ణయం ఉంది, ఆ నిర్ణయానికి మూడోనాడు వచ్చే ఫలితం ఉంది. ఫోర్డ్ విషయం కూడా అంతే. నవంబర్ మొదట్లో కశింకోట దగ్గర ఆనందరాజును కలిశాడు. ఇస్తానన్న డబ్బు రాజా ఇవ్వడు, డబ్బు లేకపోతే సిపాయిలకు జీతం లేదు, బండ్లు లేవు, బియ్యం లేదు. డబ్బు కోసం అడుగుతూ, అలుగుతూ, ఎదురుచూస్తూ నెల గడిచింది. చందుర్తి గెలిచాక కూడా అదే గొడవ. మచిలీపట్నం వైపు పోవలసినవాడు మళ్లీ డబ్బు కోసం ఆగిపోయాడు. రాజా ఇచ్చే సొమ్మును అప్పుగా లెక్కగట్టేలా ఒప్పందం సవరించుకున్నాకే జనవరి చివర్లో మళ్లీ కదిలారు, ఫిబ్రవరి మొదట్లో ఏలూరు చేరారు, అక్కడ మళ్లీ ఆగారు. మార్చిలో మచిలీపట్నం కోట ముందు సొంత యూరోపియన్ సైనికులే జీతాలూ దోపిడీ వాటా కోసం తిరగబడి, వెళ్లిపోతామని బెదిరించారు.

ఈ యాత్రలో ఎవరూ కాళ్లు నొప్పి పుట్టి ఆగలేదు. డబ్బు లేక ఆగారు, ఎడ్లు లేక ఆగారు, ఎదుటివాడు అడ్డొచ్చి ఆగారు. ఆగడానికి కారణాలు మూడు. ఆ మూడూ ఆటగాడి చేతిలో పెడితే చాలు, వేగం అంకె దానంతటదే పుడుతుంది.

నాలుగో నమూనా: గవ్వలు

హెక్సులు తీసేశాను. విశాఖ నుంచి మచిలీపట్నం దాకా దారి మీద మజిలీలు పెట్టాను. ఒక్కో మజిలీ రెండు రోజుల నడక, ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. మొత్తం పదకొండు మజిలీలు. టర్నును పది రోజులు చేశాను. ఆట మొత్తం పద్దెనిమిది టర్నులు. చందుర్తి యుద్ధం చరిత్రలో ఐదో టర్నులో పడుతుంది, మచిలీపట్నం చేరడం పద్నాలుగో టర్నులో, కోట పడిన ఏప్రిల్ 7, 8 తేదీల మధ్య రాత్రి పదిహేడో టర్నులో.

బిళ్లల మీద వేగం అంకె లేదు. దండు ఒక టర్నులో ఎన్ని మజిలీలైనా పోవచ్చు. దానికి మూడు షరతులు.

ఎడ్లకు గుర్తుగా గవ్వలు పెట్టాను, ఇంగ్లీషు పక్షానికి ఆరు. వెల్లకిలా ఉంటే ఎడ్లు తాజాగా ఉన్నట్టు, బోర్లా ఉంటే అలిసిపోయినట్టు. పొలంలో వాడే ఫిరంగులతో ఒక మజిలీ కదిలితే ఒక గవ్వ బోర్లా పడుతుంది, కోట కొట్టే పెద్ద ఫిరంగులు కూడా ఉంటే రెండు. టర్ను చివర దండు కదలకుండా ఉంటే గవ్వలన్నీ మళ్లీ వెల్లకిలా తిరుగుతాయి. దీనికి మేము పెట్టుకున్న పేరు 'కాడి విప్పడం'. కదిలిన టర్నులో అయితే రెండే తిరుగుతాయి. అన్నీ బోర్లా ఉన్నా సరే ఇంకో మజిలీ తోలవచ్చు, ఆట అడ్డుపడదు. కానీ అలా తోలితే ఒక గవ్వ పెట్టెలోకి పోతుంది, మళ్లీ రాదు. ఎద్దు పడుకున్నట్టు. ఫిరంగులు వదిలేసిన సిపాయిలు గవ్వలు తిప్పకుండా నాలుగు మజిలీల దాకా పోవచ్చు. నాక్స్ పరుగు ఇక్కడ దానంతటదే వచ్చింది, దానికి ప్రత్యేకంగా నియమమేదీ రాయలేదు. పోయినవాళ్లు ఆ టర్నులో కోట మీద పడలేరు, అంతే.

రెండోది రొక్కం. ప్రతి టర్నూ దండు ఒక రొక్కం తింటుంది. లేకపోతే దండు 'మొండికేసింది' అన్న గుర్తు పెట్టాలి. మొండికేసిన దండు తన చోట తాను పోరాడుతుంది గానీ కదలదు. రొక్కం రావడానికి ఆనందరాజు దగ్గర రెండు దారులు. ఎదురుచూస్తే ఆ టర్ను దండు కదలకూడదు, రాజా ఒకటో రెండో ఇస్తాడు. లేదా ఒక పరగణా శిస్తు రాజాకు రాసిచ్చి వెంటనే మూడు తీసుకోవచ్చు. ఆ పరగణా చీటీ మీద ఉన్న గెలుపు పాయింట్లు మాత్రం ఆట చివర లెక్కకు రావు.

మూడోది అడ్డు. కదిలేవాడు ప్రతి రెండు మజిలీలకూ ఒకసారి ఆగి "అడ్డు?" అని అడగాలి. ఎదుటివాడు తన దండుల్లో ఒకదాన్ని ఒక మజిలీ జరుపుకోవచ్చు, అతని గవ్వ కూడా బోర్లా పడుతుంది. మొదటి నమూనాలో బావ అడిగింది ఇదే. ఇది పెట్టాక అతను వేగం గురించి మళ్లీ నోరెత్తలేదు, ఇంగ్లీషు దండు మొదటి నమూనా కంటే కొన్ని టర్నుల్లో ఇంకా వేగంగా పోతున్నా సరే.

బల్ల మీద ఏం జరిగింది

ఒక ఆట కాస్త దగ్గరగా చెబుతాను. ఇంగ్లీషు పక్షం మేనకోడలు, ఫ్రెంచి పక్షం మాస్టారు.

రెండో టర్నులో కశింకోట చేరింది. చేతిలో రెండు రొక్కాలు. గవ్వల్లో నాలుగు వెల్లకిలా ఉన్నాయి. ఎదురుచూడాలా, పరగణా రాసివ్వాలా అని చాలాసేపు చీటీలు తిరగేసింది. మాస్టారు మాట్లాడలేదు. చివరికి మూడో టర్నులో ఎదురుచూసింది, ఒక్క రొక్కమే వచ్చింది. నాలుగో టర్నులో మళ్లీ ఎదురుచూసింది, రెండొచ్చాయి. ఐదో టర్నుకు గవ్వలన్నీ వెల్లకిలా, చేతిలో మూడు రొక్కాలు. అప్పుడు కదిలింది, ఆ టర్నులోనే చందుర్తి దగ్గర మాస్టారి దండు మీద పడింది. చరిత్రలో కూడా ఐదో టర్నే. ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు. తేదీ సరిపోవాలని ఆట ఆమెను ఎక్కడా నెట్టలేదు. కూర్చున్న ప్రతి టర్నూ కూర్చోవాలని తనే నిర్ణయించుకుంది, అయినా నవంబర్ అంతా కశింకోటలోనే గడిచింది.

గెలవగానే సిపాయిలను ఫిరంగులు లేకుండా రాజమండ్రి తోలింది. తర్వాత ఎనిమిదో టర్నులో తప్పు చేసింది. సలాబత్ జంగ్ బిళ్ల బెజవాడ వైపు ఒక అడుగు పడగానే భయపడి, గవ్వలు బోర్లా ఉండగానే పెద్ద ఫిరంగులను గోదావరి దాటించి ఏలూరు దాకా తోలింది. రెండు గవ్వలు పెట్టెలోకి పోయాయి. పన్నెండో టర్నుకు మచిలీపట్నం ముందుంది, ఫోర్డ్ కంటే ముందే. కానీ మిగిలిన నాలుగు గవ్వలతో కోట కింద మందుగుండు తెప్పించుకోలేక పదిహేడో టర్ను దాకా కోట పడలేదు. ఆట అయ్యాక, "ఎనిమిదో టర్నులో ఆగాల్సింది మామయ్యా" అంది. రెండో నమూనా ఆడిన రోజున 'జరపకపోతే ఏమవుతుంది' అని అడిగిన పిల్లే, ఇప్పుడు ఎక్కడ ఆగి ఉండాలో చెబుతోంది.

మాస్టారు ఇంకో సంగతి పట్టుకున్నారు. "రాజా దగ్గర ఎదురుచూడటం ఇందులో ఫోర్డ్ ఎంపికలా ఉంది. నిజానికి ఆయనకు వేరే దారి లేదు కదా?" అని. సరైన మాటే. నిజమైన ఫోర్డ్ కంటే నా ఆటలో ఫోర్డ్‌కు ఒక దారి ఎక్కువుంది. పరగణా రాసివ్వడం అంత సులువుగా, అంత త్వరగా జరిగే పని కాదు. దాన్ని అలాగే ఉంచాను. వాస్తవానికి ఒక మెట్టు దిగినా, ఆగడం అనే పని ఆటగాడిదే కావాలన్నది నాకు ముఖ్యం. మాస్టారు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన కోరిక మీద, పరగణా చీటీ వాడిన టర్నులో రొక్కం రాకుండా తర్వాతి టర్నులో వచ్చే మార్పు ఒకటి ఐచ్ఛిక నియమంగా చేర్చాను. అలా ఆడితే ఆట ఇంకా బిగుస్తుంది, కొత్తవాళ్లకు మాత్రం కష్టం.

ఇంతవరకూ ఆడిన ఆటల్లో ఇంగ్లీషు దండు మచిలీపట్నం చేరింది ఎక్కువగా పదకొండు నుంచి పదహారు టర్నుల మధ్యన. ఒకసారి అసలు చేరలేదు, రాజమండ్రిలో మూడు టర్నులు మొండికేసి కూర్చుంది. ఒకసారి ఎనిమిదో టర్నుకే చేరింది గానీ, మూడు పరగణాలు పోగొట్టుకున్నందుకు పాయింట్ల మీద ఓడిపోయింది.

కంప్యూటర్ మీద చేసేవాళ్ల కోసం

ఒక మిత్రుడు ఈ నియమాలను ఫోన్ ఆటగా రాస్తున్నాడు. మొదట అతనూ బిళ్లకు 'వేగం' అనే గడి పెట్టి, డబ్బు లేకపోతే వేగం సగం, ఎడ్లు అలిస్తే పావు అని గుణకాలు రాశాడు. ఆడి చూస్తే మళ్లీ రెండో నమూనానే. తెర మీద దండు నత్తలా పాకుతుంది, ఎందుకో ఆడేవాడికి తెలియదు. గుణకాలు తీసేయించాను. దండు నడుస్తున్నప్పుడు మామూలు వేగంతోనే నడవాలి, కళ్లకు హాయిగా. ఆగితే పూర్తిగా ఆగాలి. ఆగినచోట డేరాలు లేవాలి, ఎడ్లు కాడి విప్పి చెట్టు కింద పడుకోవాలి, పక్కన కారణం కనబడాలి. నెమ్మదిగా పాకే దండును చూస్తే విసుగొస్తుంది. డేరాలు వేసిన దండును చూస్తే ఏం చేయాలా అని ఆలోచన వస్తుంది. రెండు దండులూ ఒకే రోజున గమ్యం చేరినా సరే.

గోదావరి దాటడం మాత్రం ఇంకా నాకు నచ్చినట్టు కుదరలేదు. ఇప్పుడు అది మామూలు మజిలీలాగే ఉంది, ఒక గవ్వ ఎక్కువ. రాజమండ్రి దగ్గర నది వెడల్పు చూసినవాళ్లెవరికీ అది సరిపోదని తెలుసు. పడవలు ఎవరి దగ్గరుంటే వాళ్లది రేవు, కాబట్టి ఓడి నది దాటిపోయేవాడు పడవలన్నీ అవతలి ఒడ్డుకు లాక్కుపోవచ్చా అన్న దాని మీద ఇప్పుడు రెండు రకాల నియమాలు పక్కపక్కనే పెట్టి ఆడుతున్నాం. బావకు ఒకటి నచ్చింది, మాస్టారికి ఇంకోటి. వచ్చే ఆదివారం మేనకోడలు రెండు పక్షాలూ మార్చి మార్చి ఆడతానంది.